చిన్న కారుకు ఏటేటా పరీక్ష: బ్రిటన్ ఎంఓటీలో హ్యుందాయ్ ఐ10

బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన ప్రతి కారూ ఏడాదికోసారి ఎంఓటీ అనే యోగ్యతా పరీక్షలో నెగ్గాలి. చెల్లుబాటయ్యే ఎంఓటీ లేకుండా కారును రోడ్డెక్కిస్తే 1000 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. 2005 నుంచి ఈ ఫలితాలన్నీ కంప్యూటర్లో నమోదవుతున్నాయి. నంబర్ ప్లేటు మీది అక్షరాలూ అంకెలూ తెలిస్తే చాలు, ఎవరైనా పైసా చెల్లించకుండా ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఏ ఏడాది ఏ లోపంతో కారు తప్పింది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది, ఏ భాగం గురించి ముందే హెచ్చరించారు అన్నవి వరసగా కనిపిస్తాయి.

ఈ వ్యాసానికి నమూనాగా తీసుకున్నది తొలి తరం హ్యుందాయ్ ఐ10. 2007 అక్టోబరు 31న ఢిల్లీలో విడుదలైన ఈ కారు చెన్నై పక్కన, శ్రీపెరుంబుదూరు ప్రాంతంలోని ఇరుంగాట్టుకోట్టై ఫ్యాక్టరీలో తయారై 2008 నుంచి ఐరోపాకు ఎగుమతి అయింది. హైదరాబాదులోనూ విజయవాడలోనూ రోజూ కంటపడే బండే, ఉప్పు చల్లిన చలికాలపు రోడ్ల మీద పదిహేనేళ్లు తిరిగితే ఏమవుతుందో ఎంఓటీ రికార్డు చెబుతుంది. ఆ రికార్డును చదివేటప్పుడు ఒక తేడా పట్టుకోవాలి. చిన్న కారు ఎక్కువసార్లు తప్పేది బల్బులు, టైర్ల వంటి చిల్లర వస్తువుల దగ్గర. దాని ఆయుష్షు తేల్చేది మాత్రం తుప్పు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టినప్పుడే పాస్, ఫెయిల్ శాతాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

పరీక్ష ఎలా పెరిగింది

బ్రిటన్ రవాణా మంత్రిత్వ శాఖ ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలే ఎంఓటీ. ఆ పేరుతో శాఖ ఇప్పుడు లేకపోయినా జనం నోట పరీక్షకు అదే స్థిరపడింది. 1956 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం దీనికి దారి వేసింది. ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉండగా 1960 సెప్టెంబరులో పరీక్ష మొదలైంది. అప్పట్లో పదేళ్లు దాటిన కార్లకే. చూసేవి కూడా బ్రేకులు, లైట్లు, స్టీరింగు, అంతే. ఆ మూడింటిలోనే తప్పిన బండ్లు ఎంత ఎక్కువగా తేలాయంటే, 1961 ముగిసేలోపే వయసు హద్దును ఏడేళ్లకు దించారు. 1967లో అది మూడేళ్లయింది. నేటికీ అదే నడుస్తోంది. నాలుగేళ్లకు పెంచుదామా అని 2023లో ప్రభుత్వం అభిప్రాయాలు సేకరించింది కానీ, 2024 జనవరిలో మూడేళ్లే ఉంచుతామని ప్రకటించింది. సరైన నిర్ణయమే. తొలి మూడేళ్లలో టైర్లూ బ్రేకు ప్యాడ్లూ అరిగిపోయే కార్లు తక్కువేం కాదు.

పరీక్షించే అంశాల జాబితా అంచెలంచెలుగా పెరిగింది. 1968లో టైర్లు చేరాయి. 1977లో వైపర్లు, ఇండికేటర్లు, హారన్, సైలెన్సర్, బాడీ, ఛాసీ వచ్చాయి. 1991లో పెట్రోలు కార్ల పొగ పరీక్ష, 1994లో డీజిలు పొగ పరీక్ష వచ్చాయి. టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్న నియమం 1992 నాటిది. 2012–13లో ఎయిర్‌బ్యాగు, ఎలక్ట్రానిక్ స్టీరింగు హెచ్చరిక దీపాలను కూడా చూడడం మొదలుపెట్టారు. 2018 మే 20 నుంచి ఇంజను హెచ్చరిక దీపం వెలిగి ఉన్నా తప్పినట్టే. 40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని పాత కార్లకు అదే రోజు నుంచి మినహాయింపు దొరికింది.

ఉత్తర ఐర్లండ్ పద్ధతి వేరు. అక్కడ కార్లకు తొలి పరీక్ష నాలుగేళ్లకు, అదీ ప్రభుత్వం సొంతంగా నడిపే కేంద్రాల్లో. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో మాత్రం అనుమతి పొందిన ప్రైవేటు గ్యారేజీలే పరీక్షిస్తాయి. అలాంటివి 20 వేలకు పైగా ఉన్నాయి. 2014లో ఏర్పడిన డీవీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ వాటి మీద కన్నేసి ఉంచుతుంది. పరీక్షించేవాడే మరమ్మతు కూడా చేస్తే లేని లోపాలు చూపడా అన్న అనుమానం జనంలో ఎప్పటి నుంచో ఉంది. అందుకే కొందరు స్థానిక కౌన్సిళ్లు నడిపే కేంద్రాలకు వెళ్తారు. అక్కడ కౌన్సిల్ సొంత బండ్లను పరీక్షిస్తారు, బయటివాళ్ల కార్లనూ చూస్తారు, కానీ వాటికి రిపేర్లు చెయ్యరు. లోపం చూపితే వాళ్లకు కలిసొచ్చేదేమీ లేదు.

గ్యారేజీలో ఏం చూస్తారు

కారు పరీక్షకు గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు. చాలా గ్యారేజీలు అంతకన్నా తక్కువే తీసుకుంటాయి. టెస్టర్ ఏ భాగాన్నీ విప్పకూడదు. కంటికి కనిపించేదీ, చేత్తో కదిపి చూడగలిగేదీ, యంత్రం కొలిచేదీ, ఇంతవరకే అతని పరిధి. ఇంజను లోపలి స్థితి, క్లచ్, గేరుబాక్సు ఈ పరీక్షలోకి రావు. ఎంఓటీ అంటే, పాసైన కారు మంచి కారని హామీ ఇచ్చే కాగితం కాదు. ఆ రోజున, ఆ అంశాల్లో, కనీస ప్రమాణం అందుకుందని మాత్రమే దాని అర్థం. కొనేవాళ్లలో చాలామంది ఈ తేడా గమనించరు.

బ్రేకుల పరీక్ష దగ్గర నిలబడి చూడదగ్గది. నేలలో పాతిన రెండు జతల రోలర్ల మీదికి ముందు చక్రాలను ఎక్కిస్తారు. మోటారు రోలర్లను తిప్పుతుంది, వాటితోపాటు చక్రాలూ తిరుగుతాయి. టెస్టర్ పెడలును నెమ్మదిగా తొక్కుతూ పోతే ఒక్కో చక్రం రోలరును ఎంత బలంగా పట్టి ఆపుతోందో మీటరులో పైకి పోతూ కనిపిస్తుంది. కుడి, ఎడమ ముళ్లు రెండూ దాదాపు కలిసి కదలాలి. ఒకే ఇరుసు మీద ఒక చక్రపు పట్టు రెండోదానిలో 70 శాతం కన్నా తగ్గితే అది పెద్ద లోపం. ముందు చక్రాల దగ్గర సగం కన్నా కిందికి పడిపోతే ప్రమాదకరమే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు గుంజుకుపోయేది ఇలాంటప్పుడే. తర్వాత వెనుక చక్రాలు, ఆపైన హ్యాండ్ బ్రేకు. అన్ని చక్రాల బలాన్నీ కూడి కారు బరువుతో పోల్చి శాతం లెక్కకడతారు. 2010 సెప్టెంబరు 1కి ముందు రోడ్డెక్కిన కార్లకు కనీసం 50 శాతం రావాలి, ఆ తర్వాతివాటికి 58. తొలి తరం ఐ10 అమ్మకాలు ఆ తేదీకి అటూ ఇటూ సాగాయి కాబట్టి ఒకే మోడల్‌కు రెండు కొలబద్దలు వర్తిస్తాయి. హ్యాండ్ బ్రేకుకు 16 శాతం చాలు.

ఆ తర్వాత కారును లిఫ్టు మీద పైకి లేపుతారు. టెస్టర్ టార్చి పట్టుకుని కిందికి వెళ్లి బ్రేకు పైపులు, స్ప్రింగులు, బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు, సైలెన్సర్, తుప్పు చూస్తాడు. చక్రాన్ని పట్టుకుని ఊపితే బేరింగు ఆట తెలుస్తుంది. ముందు అద్దానికీ కొలతలున్నాయి. స్టీరింగుకు సూటిగా, 290 మిల్లీమీటర్ల వెడల్పున, వైపర్ తుడిచే మేర 10 మిల్లీమీటర్లు దాటిన దెబ్బ ఉండకూడదు. వైపర్ తిరిగే మిగతా చోట్ల 40 వరకూ ఒప్పుకుంటారు.

ఫలితం చెప్పే తీరు

2018 నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని మూడు రకాలుగా రాస్తున్నారు. మొదటి రెండింటిలో ఏది ఉన్నా కారు తప్పినట్టే. చిన్న లోపం ఉన్నా పాస్ చేస్తారు, కానీ త్వరగా బాగు చేయించుకోమంటారు. వీటికి తోడు సూచన అని ఒకటుంది. ఇప్పటికి ఫర్వాలేదు, ముందుముందు ఒక కన్నేసి ఉంచమని అర్థం. ప్రమాదకరం అని రాసిన కారును బాగు చేయించకుండా నడిపితే 2500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు పడవచ్చు.

తప్పిన కారును అదే కేంద్రంలో మరమ్మతుకు వదిలి, 10 పని దినాల్లోపు మళ్లీ చూపిస్తే తప్పిన అంశాలను మాత్రం తిరిగి చూస్తారు, దానికి వేరే రుసుము లేదు. ఇంకో పద్ధతి కూడా ఉంది, గణాంకాలు చదివేవాళ్లు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. పరీక్ష అయిన గంటలోపే, ఫలితం నమోదు చెయ్యకముందే టెస్టర్ ఒక బల్బు మార్చేస్తే అది అక్కడికక్కడే సరిచేసి పాస్ చేసినట్టు విడిగా నమోదవుతుంది. దీన్ని తప్పినవాటిలో కలిపి లెక్కవేస్తే ఒక శాతం వస్తుంది, కలపకపోతే మరొకటి. ఒకే కారు గురించి రెండు చోట్ల రెండు అంకెలు కనిపించడానికి తరచుగా ఇదే కారణం.

అన్ని మోడళ్లనూ కలిపి చూస్తే, ఇటీవలి ఏళ్లలో తొలి పరీక్షలో తప్పే కార్లు నాలుగింట ఒకటికి మించి, మూడింట ఒకటికి లోపు ఉంటున్నాయి. కారణాల్లో లైట్లు, ఇతర విద్యుత్ వస్తువులు, సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు ముందు వరసలో ఉంటాయి.

ఐ10 బ్రిటన్ వీధుల్లోకి ఎలా వచ్చింది

2008 ఆర్థిక మాంద్యంలో కార్ల అమ్మకాలు కుదేలైనప్పుడు బ్రిటన్ ప్రభుత్వం 2009 మేలో పాత కారుకు కొత్త కారు పథకం తెచ్చింది. పదేళ్లు దాటిన కారును తుక్కు చేస్తే కొత్త కారు ధరలో 2000 పౌండ్ల తగ్గింపు. అందులో సగం ప్రభుత్వానిది, సగం కంపెనీది. పాత కారు కనీసం ఏడాదిగా తమ పేరు మీదే ఉండాలి, దానికి ఎంఓటీ ఉండాలి అన్నవి షరతులు. 2010 మార్చిలో పథకం ముగిసేలోపు సుమారు 4 లక్షల కార్లు ఈ దారిన అమ్ముడయ్యాయి. చవకైన చిన్న కార్లకు ఆ తగ్గింపు ధరలో పెద్ద భాగమే అవుతుంది. అందుకే ఈ పథకంలో ఐ10ను ఎగబడి కొన్నారు. ఏటా ఎంఓటీ ముందు పాత కారుకు ఎంత ఖర్చవుతుందోనని బెంగపడే పెద్ద వయసువాళ్లు కొత్త బండిలోకి మారిపోయారు.

ఇది 3.6 మీటర్ల లోపు పొడవున్న అయిదు తలుపుల కారు. ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లది, వెనుక రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు దూలం, విద్యుత్ మోటారుతో నడిచే స్టీరింగు. 1.1 లీటర్ల ఇంజనులో టైమింగ్ బెల్టు ఉంటుంది, 1.2 లీటర్ల కప్పా ఇంజనులో గొలుసు. బ్రిటన్‌లో కంపెనీ ఇచ్చిన అయిదేళ్ల వారంటీ ఫలితాల మీద ప్రభావం చూపింది. వారంటీ నిలవాలంటే సర్వీసింగు సక్రమంగా చేయించాలి. కాబట్టి తొలి యజమాని చేతిలో కారు బాగానే ఉండేది. చేతులు మారి మూడో యజమాని దగ్గరకు చేరేసరికి సర్వీసు పుస్తకంలో ఖాళీలు మొదలవుతాయి, పరీక్షలో తప్పడాలూ మొదలవుతాయి. 2013 చివర్లో వచ్చిన రెండో తరం ఐ10 టర్కీలోని ఇజ్మిత్ ఫ్యాక్టరీ నుంచి రావడంతో బ్రిటన్‌కు చెన్నై ఐ10ల రాక ఆగింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. యోగ్యత వేరు, భద్రత వేరు. 2008లో యూరో ఎన్‌క్యాప్ ఢీ పరీక్షలో ఐ10కు నాలుగు నక్షత్రాలొచ్చాయి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ భారతదేశంలో అమ్మే ఐ10ను, ఎయిర్‌బ్యాగులు లేని రకాన్ని, పరీక్షిస్తే పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమూ రాలేదు. రెండూ ఇక్కడ కట్టినవే. అక్కడి కొనుగోలుదారుకు ఇచ్చిన రక్షణ ఇక్కడివాళ్లకు ఇవ్వకపోవడం ఏ విధంగానూ సమర్థించలేనిది. అయితే ఎంఓటీ ఈ విషయం చూడదు. కారుకు ఎయిర్‌బ్యాగులు ఎన్ని ఉండాలో అది చెప్పదు, కంపెనీ అమర్చినవి పనిచేస్తున్నాయో లేదో మాత్రమే చూస్తుంది.

ఎక్కడ తప్పుతుంది

లైట్లతో మొదలుపెట్టాలి, తప్పేవాటిలో అవే ముందుంటాయి కాబట్టి. నంబర్ ప్లేటు మీది చిన్న దీపం వెలగకపోయినా అది లోపమే. ఒక బ్రేకు లైటు పోయిన సంగతి నడిపేవాళ్లకు తెలియదు, వెనుక వచ్చేవాళ్లకే కనిపిస్తుంది. ఎండకు పసుపుబారిన హెడ్‌లైటు గాజు, పక్కకు తిరిగిన వెలుగు కూడా ఇందులోకే వస్తాయి. వైపర్ బ్లేడు చిరగడం, అద్దం కడిగే నీళ్లు అయిపోవడం మరీ చిన్నవి. పరీక్షకు వెళ్లే ముందు రోజు సాయంత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఇంట్లో ఒకరిని బ్రేకు తొక్కమని వెనుక నిలబడి చూస్తే వీటిలో చాలా వరకు అక్కడే పట్టుబడతాయి. చిన్న కార్లు తప్పడంలో ఇంత భాగం కొద్ది పౌండ్ల వస్తువుల వల్లే జరగడం నిజంగా విచారించదగ్గ విషయం.

టైర్ల సంగతీ అంతే. గాడి లోతును టైరు వెడల్పులో మధ్యనున్న మూడొంతుల మేర, చుట్టూతా కొలుస్తారు. బయటికి బాగానే కనిపించి లోపలి అంచు నున్నగా అరిగిపోయిన టైరు చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. చక్రాల అలైన్‌మెంటు తప్పడమో, బుష్‌లు అరగడమో దానికి మూలం. టైరు మాత్రం మార్చి మూలాన్ని వదిలేస్తే వచ్చే ఏడాది మళ్లీ అదే సూచన వస్తుంది.

స్ప్రింగు విరగడం బ్రిటన్‌లో చాలా మామూలు. కాయిల్ స్ప్రింగు అడుగు చుట్టు ఒక గిన్నెలో కూర్చుంటుంది. రాళ్లు తగిలి పెయింటు లేచిపోయిన చోట ఉప్పునీరు చేరుతుంది. అక్కడ సూది మొనంత గుంట పడుతుంది. గుంతల రోడ్డు మీద కారు ఎగిరి పడినప్పుడల్లా ఆ గుంట దగ్గరే ఒత్తిడి పోగై, ఒకనాడు చివరి ముక్క టప్పున విరిగిపోతుంది. విచిత్రమేమంటే చాలామంది యజమానులకు అది తెలియను కూడా తెలియదు. కారు కొద్దిగా కిందికి దిగుతుంది, మలుపులో చిన్న చప్పుడు వస్తుంది, అంతే. కానీ విరిగిన మొన టైరుకు గుచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకే టెస్టర్ దీన్ని ఉపేక్షించడు.

ఐ10లో ముందు సస్పెన్షన్ లింక్ రాడ్లు, కింది ఆర్మ్ బుష్‌లు వయసుతోపాటు వదులవుతాయి. గతుకుల్లో లొడలొడమనే చప్పుడు వాటిదే. బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు కారిపోయి మట్టి చేరుతుంది. చిరుగు చిన్నగా ఉన్నప్పుడే మార్పిస్తే జాయింటు దక్కుతుంది. స్టీరింగు మోటారు దగ్గరుండే చిన్న రబ్బరు కప్లింగు అరిగి, స్టీరింగు అటూ ఇటూ తిప్పినప్పుడు టక్కుమనడం ఆనాటి హ్యుందాయ్ కార్లలో తెలిసిన సమస్యే. ముక్క చిన్నదే కానీ దాన్ని మార్చాలంటే స్టీరింగు కాలమ్ విప్పాలి, పనికూలి అక్కడే పెరుగుతుంది.

పొగ పరీక్షలో పెట్రోలు ఐ10 తేలిగ్గానే బయటపడుతుంది. ఇంజను బాగా వేడెక్కకముందే పరీక్షకు తెస్తే, పొగను శుద్ధి చేసే కన్వర్టర్ పనిచేసే వేడికి చేరక తప్పే అవకాశం ఉంది. మిగతా లోపాలు ఆక్సిజన్ సెన్సరు, తుప్పుపట్టి కన్నం పడిన సైలెన్సర్ వంటివి.

తుప్పు సంగతి

పైవన్నీ మార్చుకుంటే తీరిపోయే లోపాలు. తుప్పు అలా కాదు. బ్రిటన్‌లో చలికాలం రాత్రుళ్లు మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని దానికి పేరు. ఆ ఉప్పు కరిగి చక్రాల నుంచి చిమ్మి కారు అడుగుభాగమంతా పట్టేస్తుంది. మూలల్లో, మడతల్లో, తలుపుల కింద పొడవునా ఉండే సిల్ చివర్లలో తడి ఆరదు. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన కారు కన్నా, వారానికోసారి అంగడికి వెళ్లొచ్చి తడిగా నిలబడే కారుకు ఈ బెడద ఎక్కువ కావచ్చు. తక్కువ తిరిగిందని మురిసిపోయి కొనేవాళ్లు కింద చూడకపోతే మోసపోతారు.

బ్రేకు పైపు దగ్గర దీని తీవ్రత బాగా అర్థమవుతుంది. పెన్సిలు కన్నా సన్నటి ఉక్కు గొట్టం కారు ముందు నుంచి వెనుకదాకా అడుగున పాకుతుంది. దాని గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పైనున్న పూత లేచి తుప్పు పొరలు కట్టినప్పుడు టెస్టర్ వాటిని మెల్లగా గీరి లోహం ఎంత మిగిలిందో చూస్తాడు. గోడ మందంలో మూడో వంతు పోయిందంటే కారు తప్పినట్టే. గట్టిగా బ్రేకు తొక్కిన క్షణంలోనే లోపలి ఒత్తిడి ఎక్కువ, పలచబడిన గొట్టం పగిలేదీ అప్పుడే. మొదటి ఏడాది పైపు కొద్దిగా తుప్పుపట్టింది అనే సూచన వస్తుంది. కొందరు దాని మీద గ్రీజు పూసి ఊరుకుంటారు. బుద్ధిమంతులు రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన కొత్త పైపు వేయించుకుంటారు. దానికి తుప్పు బాధ ఉండదు.

బాడీ తుప్పుకు నియమం దూరాన్ని బట్టి ఉంటుంది. సస్పెన్షన్, సీటు బెల్టు, స్టీరింగు, బ్రేకులు బిగించిన చోట్ల నుంచి 30 సెంటీమీటర్లలోపు లోహం బలహీనపడితే ఒప్పుకోరు. తలుపు మీద కన్నం పడినా పరీక్ష నెగ్గవచ్చు. సీటు బెల్టు బోల్టు పక్కన బొటనవేలంత మేర మెత్తబడితే మాత్రం నెగ్గదు. ఆ చోట్ల పుట్టీ పెట్టి రంగు పూస్తే చెల్లదు, కొత్త రేకు పెట్టి వెల్డింగు చెయ్యాలి. ఐ10 రికార్డుల్లో వెనుక ఇరుసు దూలం మీద, కింది భాగాల మీద పైపైన తుప్పు అనే సూచన తరచుగా కనిపిస్తుంది. దూలం మందంగా ఉంటుంది కాబట్టి పైపొర తుప్పుకు కంగారు పడనక్కర్లేదు. స్ప్రింగు గిన్నె, షాక్ అబ్జార్బర్ బిగింపు దగ్గర పొరలుగా ఊడుతుంటే మాత్రం ఆలోచించాలి. పదిహేనేళ్ల చిన్న కారు విలువే కొద్దిపాటిది. వెల్డింగు ఖర్చు దాన్ని మించితే, ఇంజను ఎంత చక్కగా నడుస్తున్నా కారు తుక్కుకు పోతుంది. బ్రిటన్‌లో ఎన్నో చిన్న కార్ల కథ ముగిసేది ఇలాగే.

అంకెలు చెప్పనివి

మోడళ్లవారీగా ఫెయిల్ శాతాలు చూసి ఫలానా కంపెనీ కారు నాసిరకమని తేల్చేయడం తొందరపాటు. ఏ వయసులో, ఎన్ని మైళ్ల దగ్గర, ఎవరి చేతిలో ఉన్నప్పుడు అన్నవి కలిపి చూడాలి. డ్రైవింగు స్కూలు కారు, పదవీ విరమణ చేసినవాళ్ల కారు ఒకే మోడల్ అయినా వాటి జీవితాలు వేరు. ఖరీదైన కారు యజమాని పరీక్షకు ముందే సర్వీసింగు చేయించి పంపుతాడు. చవక కారు యజమాని పరీక్షలో ఏం తేలుతుందో చూసి అదే చేయిద్దామనుకుంటాడు. చిన్న కార్ల ఫెయిల్ శాతంలో ఈ అలవాటు వాటా చాలానే ఉందని నా నమ్మకం.

జర్మనీ అనుభవం ఈ నమ్మకాన్ని బలపరుస్తుంది. అక్కడ తొలి పరీక్ష మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి. నెగ్గిన కారు నంబర్ ప్లేటు మీద రంగు గుండ్రటి స్టిక్కరు అంటిస్తారు. అక్కడి తనిఖీ సంస్థలు ఏటా వెలువరించే టీయూవీ నివేదికలో రెండు, మూడేళ్ల వయసు కార్లలో 2025కు హోండా జాజ్, 2026కు మజ్దా 2 మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ చిన్న కార్లే. చాలా ఏళ్లు అట్టడుగున ఉన్నది డాసియా లోగన్. ఇటీవల ఆ చోటు టెస్లా కార్లది. విద్యుత్ కారు మోటారుతోనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి బ్రేకు డిస్కులకు పని తగ్గి తుప్పుపడతాయి. పైగా ఏటా తప్పనిసరి సర్వీసింగు లేకపోవడంతో ఎవరూ కింద చూడరు. కారు చిన్నదా పెద్దదా, చవకదా ఖరీదైనదా అన్నదాని కన్నా పరీక్షకు ముందు ఎవరైనా దాన్ని చూశారా లేదా అన్నదే ఎక్కువ తేడా తెస్తోంది.

పాత రికార్డు చదవడం

బ్రిటన్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ కొనే మొదటి బండి తరచుగా ఇలాంటి పాత చిన్న కారే. కొనే ముందు ఆ కారు ఎంఓటీ చరిత్ర మొత్తం చదవాలి. ఈ ఏడాది పాసైందన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. వరసగా మూడేళ్ల సూచనలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదటి ఏడాది బ్రేకు పైపు కొద్దిగా తుప్పు, రెండో ఏడాది అదే మాట, మూడో ఏడాది పైపు మీద గ్రీజు పూసి ఉంది కనుక పూర్తిగా చూడలేకపోయాం అని ఉంటే, బాగు చెయ్యకుండా దాచిపెట్టారని అర్థం. సూచన వచ్చిన మరుసటి ఏడాది అది మాయమై ఉంటే యజమాని శ్రద్ధగలవాడు. మైళ్ల లెక్క ఒక ఏడాది వెనక్కి తగ్గిందంటే మీటరు తిప్పారని అనుమానించాలి. రాసేటప్పుడు అంకె పొరపాటు పడి ఉండవచ్చు కూడా, ముందు వెనుక ఏళ్లు చూస్తే తేలిపోతుంది. ఒకే రోజున పొద్దున తప్పి సాయంత్రం పాసైన కారును చూసి భయపడనక్కర్లేదు. తప్పింది బల్బుకా, సిల్ తుప్పుకా అన్నది చూడాలి. 1.1 ఇంజను కారైతే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో సర్వీసు బిల్లుల్లో వెతకాలి, ఎంఓటీలో ఆ ఊసు ఉండదు.

మన దగ్గర

భారతదేశంలో సొంత కారుకు ఏటా యోగ్యతా పరీక్ష లేదు. టాక్సీలు, లారీల వంటి రవాణా వాహనాలకు 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఫిట్‌నెస్ ధ్రువపత్రం కావాలి. మన జిల్లాల్లో జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే మోటారు వాహనాల తనిఖీ అధికారి వాటిని చూస్తూ వచ్చారు. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ మధ్యలో చూసేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే, అది పొగ సంగతే చెబుతుంది. అరిగిన బ్రేకు, విరిగిన స్ప్రింగు, నున్నగా అరిగిన టైరు పదిహేనేళ్లపాటు ఏ అధికారి కంటా పడకుండా తిరగవచ్చు. రోడ్డు ప్రమాదాల్లో ఏటా లక్షన్నరకు పైగా ప్రాణాలు పోతున్న దేశంలో ఇంత సుదీర్ఘమైన వ్యవధి సమంజసం కాదు.

కేంద్రం 2021 సెప్టెంబరులో ఆటోమేటిక్ టెస్టింగ్ స్టేషన్ల నియమాలు ప్రకటించింది. బ్రేకు రోలరు, హెడ్‌లైటు కొలత, సస్పెన్షన్ పరీక్ష వంటివి యంత్రాలే చేసి ఫలితాన్ని నేరుగా కంప్యూటర్లోకి పంపడం వీటి పద్ధతి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5000 రూపాయలకు పెంచారు. పాత కారు కొనేవాళ్లకు ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఫిట్‌నెస్ ఏ తేదీ వరకు ఉందో కనిపిస్తుంది కానీ, ఏ ఏడాది ఏ లోపం తేలిందో చెప్పే వరస అందులో ఉండదు. లిఫ్టు మీద పెట్టి చూపించుకోవడం తప్ప వేరే దారి లేదు. ఉప్పు రోడ్లు లేని మన దగ్గర అడుగుభాగపు తుప్పు అంతగా బాధించదు. తీరప్రాంతపు ఊళ్లలోనూ, వరద నీటిలో మునిగిన కార్లలోనూ మాత్రం సిల్, నేల రేకు జాగ్రత్తగా చూడాలి. రబ్బరు బుష్‌లు, లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్లు మన గతుకులకూ స్పీడు బ్రేకర్లకూ అక్కడికన్నా ముందే అరుగుతాయి. తొలి తరం ఐ10 ఇక్కడ 2017 దాకా తయారైంది. 2007–08లో రిజిస్టరైన మొదటి బండ్లు 2022–23లోనే పదిహేనేళ్ల గడప దాటాయి. చివరివి 2032లో ఆ తనిఖీకి వస్తాయి.